రోబో వాక్యూమ్ క్లీనర్‌ను విప్పిన రోజు

నాలుగేళ్లుగా మా ఇల్లు ఊడుస్తున్న రోబో వాక్యూమ్ క్లీనర్ గత వారం నుంచి రెండడుగులు ముందుకు వెళ్లి, ఏదో గోతి అంచుకు వచ్చినట్లు వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. ఆదివారం దానిని ఆపి, బోర్లించి, అడుగు పలక మరలు విప్పాను.

ముందు అంచు వెంబడి గోరంత నల్లని కిటికీలు కనిపించాయి. ఒక్కోదాని వెనుక కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లే చిన్న దీపం, దాని పక్కనే ఆ కాంతిని పట్టుకునే సెన్సర్ ఉన్నాయి. కాంతి నేలను తాకి తిరిగివస్తే కింద నేల ఉన్నట్లు, రాకపోతే మెట్టు అంచు వచ్చినట్లు యంత్రం భావిస్తుంది. మా వంటింటి నూనె జిడ్డుతో కలిసిన దుమ్ము ఆ కిటికీలను పూర్తిగా కప్పేసింది. ముదురు నల్లని తివాచీ ఆ కాంతిని పీల్చుకుంటుంది కనుకనే, ఇది మొదటినుంచీ మా పడకగది తివాచీ ఎక్కడానికి జంకేదని అప్పుడు అర్థమైంది.

రెండు చక్రాలకూ వేర్వేరు మోటార్లు ఉన్నాయి. వాటి వేగంలో తేడాతోనే ఇది మలుపు తిరుగుతుంది కనుక, దీనికి స్టీరింగ్ అక్కరలేదు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. బ్యాటరీలో నాలుగు లిథియం సెల్స్ వరుసగా కలిపి ఉన్నాయి.

అసలు శ్రమంతా బ్రష్ దగ్గరే పట్టింది. దాని ఇరుసుకు మా అమ్మాయి తలవెంట్రుకలు దారపు ఉండలా బిగుసుకుపోవడంతో, వాటిని చిన్న కత్తెరతో పోగు పోగుగా కత్తిరించి తీశాను.

కిటికీలను మెత్తని పొడిగుడ్డతో తుడిచి, మరలు బిగించి నేల మీద పెట్టగానే, అది తడబడకుండా హాలు దాటి వెళ్లింది.