స్త్రీకి ఎన్ని గళ్ళు? మా లైబ్రరీ నవంబర్ డైరీ

నవంబర్ 2, 2025, ఆదివారం

రెండు నెలలుగా ముట్టుకోని కోడ్ రిపాజిటరీని ఇవాళ తెరిచాను. తెలుగు మాటను అక్షరాలుగా విడగొట్టే చిన్న పైతాన్ లైబ్రరీ ఇది, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్. మూడేళ్ళ కిందట సరదాగా మొదలుపెట్టాను. చూసుకునేది నేనొక్కడినే, అదీ ఆదివారం పొద్దున టిఫిన్‌కీ భోజనానికీ మధ్య.

తెరిపించింది ఒక మెయిల్. రిటైరైన తెలుగు మాష్టారు ఒకాయన గళ్ళ నుడికట్టు తయారుచేయడానికి దీన్ని వాడుతున్నారు. మనవడు కంప్యూటర్‌లో పెట్టిచ్చాడట. "బాబూ, మీ సరుకు స్త్రీకి మూడు గళ్ళిస్తోంది. ముప్పయ్యేళ్ళు ఒకటే అక్షరమని పిల్లలకి చెప్పాను" అని రాశారు.

ఆయన చెప్పింది నిజమే. స్త్రీ ఎంత పొడవని పైతాన్‌ని అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నేను అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణంలోని పాత నియమాన్ని నమ్ముకుని రాశాను. అది పొల్లు దగ్గర తెగ్గొట్టి స్, త్, రీ అని మూడు ముక్కలు చేస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో వత్తుల్ని విడదీయకూడదనే నియమం చేరింది. తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకి అది వర్తిస్తుంది. పక్కింటి కన్నడకి మాత్రం ఆ వెర్షన్‌లో ఇవ్వలేదు, అదో వింత.

మార్చింది ఒక్క లైనే. ఇప్పుడు అక్షరమంటే ఒక హల్లు, దాని వెనక పొల్లూ హల్లూ జంటగా ఎన్నిసార్లయినా, చివర గుణింతపు గుర్తో పొల్లో, ఆపైన ఉంటే సున్నా. టెస్టులతో కలిపి నలభై నిమిషాలు పట్టింది.

నవంబర్ 5, బుధవారం రాత్రి

ఒక కాలేజీ కుర్రాడి నుంచి పుల్ రిక్వెస్ట్ (తను రాసిన కోడ్ కలుపుకోమనే అభ్యర్థన) వచ్చింది. వాక్యాన్ని మాటలుగా విడగొట్టే ఫంక్షన్ రాశాడు. తన మెషిన్‌లో బాగా నడిచిందట. ఏ వాక్యంతో చూశావని అడిగితే ఇంగ్లిష్ వాక్యమన్నాడు. తెలుగు అని ఒక్క మాట ఇచ్చి నడిపాను. త, ల, గ అని మూడు మాటలొచ్చాయి! పైతాన్‌తో వచ్చే, టెక్స్ట్‌లో నమూనాలు వెతికే రీ మాడ్యూల్‌లో అతను వాడిన స్లాష్ డబ్ల్యూ అనే గుర్తుకి అర్థం అక్షరాలూ అంకెలూ అండర్‌స్కోరూ మాత్రమే. మన గుణింతపు గుర్తులు దాని లెక్కలో అక్షరాలు కావు. అందుకే ఎత్వాలూ కొమ్ములూ రాలిపోయాయి.

"అన్నా, క్లోజ్ చేసేయమంటావా?" అన్నాడు. వద్దన్నాను. ముందు ఫెయిలయ్యే టెస్ట్ రాసి, తరవాత ఖాళీలూ విరామ చిహ్నాల దగ్గర తెంపమన్నాను. పంపాడు. కలిపేశాను.

నవంబర్ 9, ఆదివారం

పూర్తిగా సాఫ్ట్‌వేర్ అన్న మాటతోనే గడిచింది. ఒక ఇష్యూలో (వాడేవాళ్ళు పెట్టే ఫిర్యాదు) ఈ మాటకి మూడు అక్షరాలొస్తున్నాయన్నారు. నేను చేస్తే నాలుగు. గంటసేపు నా కోడ్‌నే అనుమానించాను.

తీరా చూస్తే మేము టైప్ చేసిన మాటలే వేరు. నా దాంట్లో ట్ తరవాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క హల్లుని వత్తుగా కలవనివ్వని గుర్తు) ఉంది, మొత్తం 11 కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కొక్క గుర్తుకిచ్చే నంబర్లు). సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు ముక్కలు. అవతలివాళ్ళ కీబోర్డ్ దాన్ని పెట్టలేదు. దాంతో వ వెళ్ళి వత్తుగా కింద వేలాడి సా, ఫ్ట్వే, ర్ అయింది. రెండూ సరైనవే. పాత కోడ్ అయితే ఐదు చెప్పేది, ఆ గొడవ వేరే.

స్క్రీన్‌షాట్ చూసి ఇలాంటివి తేల్చలేం. అందుకని మాటలోని ఒక్కొక్క కోడ్ పాయింట్‌నీ పేరుతో సహా చూపించే చిన్న ఫంక్షన్ చేర్చాను. ఇష్యూ పెట్టేవాళ్ళు దాని అవుట్‌పుట్ అతికించాలని ఫారంలో రాశాను. ఈ నెలలో చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

నవంబర్ 16, ఆదివారం

మాష్టారి కోసం చేసిన మార్పు ఇంకొకాయన ప్రోగ్రామ్‌ని పడగొట్టింది. ఆయన మెయిన్ బ్రాంచ్ నుంచే, అంటే ఇంకా విడుదల కాని తాజా కోడ్‌నే తీసుకుని వాడుతున్నారు. పద్యాలకి గురులఘువులు గుర్తిస్తారు.

వచ్చెన్ తీసుకోండి. పాత కోడ్ వ, చ్, చె, న్ అని ఇచ్చేది. తరవాతి ముక్క పొల్లుతో ముగిస్తే ముందుది గురువు, ఆ పొల్లు ముక్కని పారెయ్. ఇదీ ఆయన సూత్రం. వ గురువు, చె గురువు, చక్కగా కుదిరింది. ఇప్పుడు వ, చ్చె, న్ వస్తున్నాయి. వ తరవాత పొల్లు లేదు కాబట్టి అది లఘువైపోయింది. నా తప్పు మీద ఆయన ఇల్లు కట్టుకున్నారు. నేను తప్పు దిద్దితే ఆయన గోడ కూలింది.

ఆలోచిస్తే ఇద్దరి లెక్కా వేరు. గళ్ళకి వచ్చెన్ మూడు. పద్యానికి రెండే, ఎందుకంటే న్ వెళ్ళి ముందు అక్షరంలో కలుస్తుంది. అలా కలవకపోతే ఉత్పలమాల పాదంలో 20 అక్షరాల లెక్క కుదరదు. మొదట ఒకే ఫంక్షన్‌కి ట్రూ, ఫాల్స్ ఆప్షన్ పెడదామనుకున్నాను. కానీ ఆరు నెలలయ్యాక ఆ ట్రూ దేనికో నాకే గుర్తుండదు. రెండు ఫంక్షన్లు చేశాను, ఒకటి గళ్ళకి, ఒకటి ఛందస్సుకి. పాతదాన్ని తీసేయలేదు. వాడితే హెచ్చరిక వస్తుంది, అంతే. పద్యాలాయనకి ముందే మెయిల్ రాశాను.

నవంబర్ 23, ఆదివారం

1.0.0 విడుదల. అక్టోబర్‌తో పైతాన్ 3.9కి సపోర్ట్ ముగిసింది కాబట్టి మేమూ వదిలేశాం. కనీస వెర్షన్ 3.10 అని రాస్తే చాలు, పాత పైతాన్ ఉన్నవాళ్ళకి పిప్ (లైబ్రరీలని ఇన్‌స్టాల్ చేసే పనిముట్టు) తనే మా పాత వెర్షన్ ఇస్తుంది.

పైతాన్ లైబ్రరీలు ఉంచే పైపీఐ సైట్‌కి ఎక్కించిన ఇరవై నిమిషాలకి గుండె జారింది. గణాల పట్టిక ఉన్న జేసన్ ఫైల్ (డేటా ఫైల్) మేం ఎక్కించిన వీల్ అనే ప్యాకేజీలో లేదు! నా మెషిన్‌లో ఎడిటబుల్ ఇన్‌స్టాల్ ఉండడంతో అది ఫోల్డర్ నుంచే చదువుకుంది, టెస్టులన్నీ పాసయ్యాయి. అదే ఫైల్ పేరుతో మళ్ళీ ఎక్కిస్తానంటే పైపీఐ ఒప్పుకోదు, డిలీట్ చేసినా సరే. 1.0.0ని యాంక్ చేసి (మామూలుగా ఎవరికీ వెళ్ళకుండా పక్కనపెట్టి) 1.0.1 పెట్టాను. ఇకనుంచి, పనులు తనంతట తనే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో వీల్‌ని ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసి టెస్టులు నడిపాకే అప్‌లోడ్.

నవంబర్ 30, ఆదివారం

కైకలూరుకి ఐదు అక్షరాలొస్తున్నాయని కొత్త ఇష్యూ. కోడ్ పాయింట్లు అతికించారు కాబట్టి ఒక్క నిమిషంలో తేలింది. వాళ్ళ టెక్స్ట్ ఎన్ఎఫ్‌డి రూపంలో (గుర్తుల్ని విడగొట్టి దాచే పద్ధతి) ఉంది. అందులో ఐత్వం రెండు గుర్తులుగా విడిపోయి, రెండోది విడి ముక్కగా లెక్కకి వచ్చింది. మొదట్లోనే ఎన్ఎఫ్‌సికి (వాటిని కలిపి దాచే రూపానికి) మార్చుకుంటే సరి. నాకు చెప్పి ఈ ఇష్యూ తనే తీసుకున్నాడు కాలేజీ కుర్రాడు.

మాష్టారి మెయిల్ కూడా వచ్చింది. స్త్రీ ఒకే గడిలో కూర్చుందట. "అయితే బాబూ, బస్‌కీ రెండు గళ్ళే, బస్సుకీ రెండు గళ్ళేనా?" అని అడిగారు. జవాబు ఇంకా రాయలేదు.