బ్రేక్ ఆయిల్‌ను ఎన్నాళ్లకోసారి మార్చాలి?

ఇంజన్ ఆయిల్ మార్చే గడువును జాగ్రత్తగా గుర్తుపెట్టుకునేవారు కూడా బ్రేక్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి, డబ్బాలో మట్టం సరిగ్గానే ఉంది కదా అని ఊరుకుంటారు. ఈ ధోరణి నాకు నిజంగా ఆందోళన కలిగిస్తుంది. కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఏ గడువు ఉంటే అదే పాటించాలి. చాలా కంపెనీలు రెండేళ్లని, కొన్ని మూడేళ్లని చెబుతాయి. కారు తక్కువ తిరిగింది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగవచ్చనుకోవడం మాత్రం పొరపాటు.

ఎందుకంటే, సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 (ఇవి బ్రేక్ ఆయిల్ ప్రమాణాల పేర్లు) ఆయిళ్లు గ్లైకాల్ ఈథర్లనే రసాయనాలతో తయారవుతాయి, వాటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంటుంది. రబ్బరు గొట్టాల గోడల గుండా, డబ్బా మూతకుండే గాలి రంధ్రం గుండా తేమ కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటుంది, కారు కదలకుండా నిలిపి ఉంచినా సరే. నీరు కలిసేకొద్దీ ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. డాట్ 3కి ఈ అంకెలు 205, 140.

పొడవైన ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు ప్యాడ్ల వేడి, వాటిని నొక్కిపట్టే కాలిపర్ అనే భాగంలోని ఆయిల్‌కు ఎక్కి, నీరు పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి దాదాపు కుదించుకుపోదు కనుకనే పాదం బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి సులభంగా నలిగిపోతుంది కనుక పెడల్ మెత్తగా దిగిపోయి, బ్రేకు పట్టదు. చల్లారాక ఆ ఆవిరి మళ్లీ ద్రవంగా మారిపోతుంది. గ్యారేజీకి చేరేసరికి పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉండి, మెకానిక్‌కు ఏ లోపమూ కనిపించకపోవచ్చు. అందుకే లక్షణాలు కనిపించేదాకా వేచి ఉండడం సరికాదంటాను.

రంగును బట్టి తేల్చడం కూడా నమ్మదగిన పద్ధతి కాదు. ముదురు గోధుమ రంగు ఆయిల్ పాతబడిందని సూచించవచ్చు గానీ, లేత రంగులో ఉన్నంత మాత్రాన తేమ లేదని కాదు. నమూనాను వేడిచేసి మరిగే ఉష్ణోగ్రతను కొలిచే పరికరం ఉంటే దాని మాట వినవచ్చు.

మట్టం తగ్గిందని పైనుంచి పోయించుకోవడం వల్ల పాత ఆయిల్ కొత్తదైపోదు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంత దిగడం సహజం. వేగంగా దిగుతుంటే మాత్రం ఎక్కడో కారుతోందని అనుమానించాలి.

మార్పించేటప్పుడు డబ్బాలోది మాత్రమే తోడేసి కొత్తది నింపితే సరిపోదు, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే ఆయిల్ చక్రాల దగ్గర అలాగే ఉండిపోతుంది. నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఆయిల్ వచ్చేవరకు బ్లీడింగ్ (గొట్టాల్లోని పాత ఆయిల్‌ను బయటికి పంపేయడం) చేయించాలి, సీలు తీయని సీసానే వాడమనాలి. మాన్యువల్ డాట్ 4 అడిగితే సిలికోన్‌తో తయారయ్యే డాట్ 5 పోయకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే. హైడ్రాలిక్ క్లచ్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) ఉన్న చాలా కార్లలో క్లచ్‌కు కూడా ఇదే డబ్బా నుంచి ఆయిల్ వెళ్తుంది కనుక, ఆ గొట్టాన్ని కూడా అదే రోజు బ్లీడ్ చేయమని ముందే చెప్పడం మంచిది.