సోఫాలో హ్యూమ్

లైటు తీసేశాక కూడా పద్దెనిమిదో శతాబ్దపు పారిస్ రచయిత్రి మదాం దెపినే మీద కోపం తగ్గలేదు, లేచొచ్చి రాస్తున్నాను. చిన్నది తప్ప అందరూ పడుకున్నారు. దానికి రేపు లెక్కల పరీక్ష.

నాకు స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ పిచ్చి మళ్ళీ పట్టిందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. 1763 అక్టోబరులో బ్రిటిష్ రాయబారి లార్డ్ హెర్ట్‌ఫర్డ్ వెంట పారిస్ వెళ్ళాడు కదా, ఆ రోజుల సంగతులు చదువుతున్నాను. యాభై రెండేళ్ళు, భారీ మనిషి, నోరు తెరిస్తే ఫ్రెంచిలో కూడా స్కాట్లండు యాసే. ఒక రాత్రి ఎవరింట్లోనో సరదా నాటకం పెట్టి, ఆయనకు సుల్తాను వేషమిచ్చారు. ఇద్దరు అందగత్తెల మధ్య సోఫాలో కూర్చోబెట్టి, నీ మాటలతో వీళ్ళ మనసు గెలుచుకో అన్నారు. ఆయన వాళ్ళను తేరిపార చూసి, పొట్టా మోకాళ్ళూ చరుచుకుంటూ, "సరే అమ్మాయిలూ... అయితే ఇక్కడున్నారన్నమాట... ఇక్కడే ఉన్నారన్నమాట" అంటూ పావుగంట గడిపాడట. ఒకామె విసుగెత్తి లేచి, ఈ మనిషి దూడమాంసం తినడానికి తప్ప దేనికీ పనికిరాడు అందట. దెపినే ఇదంతా ఎంత హుషారుగా రాసిపెట్టిందో!

నాకు నవ్వు రాలేదు. నాన్న గుర్తొచ్చారు. ఆయన మా దగ్గర ఉన్న వేసవిలో ఒకరింటికి భోజనానికి పిలిచారు. మర్యాదగానే పిలిచారు, కాదనను. కానీ తినడం ఇంకా అవ్వనేలేదు, "మాస్టారూ, ఒక పద్యం అందుకోండి" అంటూ సోఫా మధ్యకి లాక్కొచ్చారు. నాన్న జీవితమంతా లెక్కలు చెప్పారు. పద్యాలు ఆయనకు బోలెడు వచ్చు, కానీ తెల్లారుజామున పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ తనలో తాను పాడుకునే మనిషి. చేతిలో సగం తిన్న బజ్జీ ఉన్న పేపరు ప్లేటు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, కండువా అంచు మడతపెడుతూ, "అదే... ఇల్లు చాలా బాగుందండీ" అన్నారు. ఎవరో ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నారు. పిలిచిన మనిషికి ఇంత అన్నం పెట్టి, అతను మాట్లాడితే విని, మాట్లాడకపోతే ఊరుకోకూడదా? ఆట ఎందుకు ఆడించాలి?

ఇంతవరకూ రాసి, మంచినీళ్ళు తాగొచ్చి, హ్యూమ్ ఉత్తరాలు మళ్ళీ తిరగేశాను. ఇప్పుడు పారిస్ మీద అంత కోపం నిలవట్లేదు. వేషం వెయ్యలేకపోయాడని పిలుపులేమీ ఆగలేదు. ఇక్కడ తినేదీ తాగేదీ అమృతమే, పీల్చేది ధూపమే, నడిచేది పూలమీదే అని స్నేహితుడు రాబర్ట్‌సన్‌కి ఆయనే రాశాడు. వెర్సాయ్ రాజభవనంలో ముగ్గురు చిన్న రాకుమారులు ఆయన్ని పొగుడుతూ బట్టీపట్టిన మాటలు అప్పజెప్పారు. వాళ్ళలో పెద్దవాడే తరవాత ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ అయ్యాడు.

మరి సొంత ఊళ్ళో? 1745లో ఎడిన్‌బరోలో, ఆ తరవాత గ్లాస్గోలో, దేవుణ్ణి నమ్మడన్న పేరుతో ప్రొఫెసరు పదవి దక్కనివ్వలేదు. అదే పారిస్‌లో, నాస్తిక తత్వవేత్త బారన్ దోల్బాక్ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర, "నాస్తికుల్ని నేనెప్పుడూ చూడలేదు" అని హ్యూమ్ అంటే, ఇక్కడున్న పద్దెనిమిది మందిలో పదిహేనుగురు వాళ్ళే, మిగతా ముగ్గురూ ఇంకా తేల్చుకోలేదు అన్నాడు బారన్. ఈ రాత్రి నేను మెడ విరిగి చచ్చానంటే ఇంగ్లిష్‌వాళ్ళలో యాభైకి ఒక్కడు కూడా బాధపడడని 1764లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. అలాంటి మనిషికి ఆ పూలూ ధూపమూ ఎంత ఊరటో! మురిసిపోయాడని ఆయన్ని ఆడిపోసుకునేవాళ్ళ మీదే ఇప్పుడు నా కోపం.

ఆ స్నేహాలు ఉత్తుత్తివీ కావు. 1776 ఆగస్టు 20న, మంచంలో ఉండి, పారిస్ స్నేహితురాలు కౌంటెస్ ద బూఫ్లేర్‌కి ఉత్తరం రాశాడు. ఆవిడ ఆప్తుడు కోంటీ రాకుమారుడు పోయినందుకు పరామర్శ అది. తన చావు గురించి రెండు మాటలు, భయంలేదని. ఇదే ఆఖరి నమస్కారమన్నాడు. 25న పోయాడు. మధ్యలో అయిదు రోజులే.

పారిస్‌లోనే స్థిరపడదామని ఒకప్పుడు అనుకున్నానని స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. ఉండిపోవలసింది. 1766 జనవరిలో తత్వవేత్త రూసోని వెంటబెట్టుకుని ఇంగ్లండు బయల్దేరాడు. తరవాత వాళ్ళిద్దరికీ వచ్చిన గొడవ ఇప్పుడు ఎత్తితే తెల్లారిపోతుంది, రేపు రాస్తాను.