నా మంచం చుట్టూ నిలబడినవాళ్లు

పాస్టరుకు జబ్బు చేస్తే మామూలు మనిషికి లేని బాధ ఒకటి అదనంగా వస్తుంది. అందరూ కారణం వెతుకుతారు. రైతుకు వస్తే పురుగుమందు అంటారు, డ్రైవరుకు వస్తే బయటి తిండి అంటారు. పాస్టరుకు వస్తే మాత్రం గొంతు తగ్గించి "ఎక్కడో ఏదో తేడా జరిగింది" అంటారు. ఒళ్లు కదలక, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నప్పుడు ఆ మాట నేను విన్నాను. ఇప్పుడు నడుస్తున్నాను, వాక్యం చెప్పగలుగుతున్నాను. కోపం పూర్తిగా పోలేదు గానీ రాసేంత నెమ్మది వచ్చింది.

2023 వానాకాలంలో విరేచనాలు పట్టుకుని తగ్గాయి. మర్చిపోయాను కూడా. కొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. నడుస్తుంటే చెప్పు కాలినుంచి జారిపోయేది, జారినట్టు తెలిసేది కాదు. ఆదివారం వేదిక మెట్టు ఎక్కబోతే మోకాలు మడతపడింది. ఉపవాసాలు ఎక్కువై నీరసం వచ్చిందని సంఘపెద్దలు అనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు సెలైన్ ఎక్కించి, బలానికి ఇంజెక్షన్ చేశారు. మర్నాటికి లేచి నిలబడలేకపోయాను.

"పక్షవాతం అక్కా, పసరు పోయిస్తే మూడు రోజుల్లో లేస్తాడు బావ" అని మా బావమరిది కారు కూడా మాట్లాడేశాడు. వాడి ప్రేమను నేను తప్పుపట్టను. కానీ నా భార్య కదలనివ్వలేదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. "పక్షవాతమైతే ఒక పక్క పడిపోవాలి గదరా, రెండు కాళ్లూ ఒకేసారి ఎట్లా పడిపోతాయి?" అంది. ఆ ఒక్క ప్రశ్న అడిగింది కాబట్టే నేను బతికున్నాను. దగ్గర్లోని టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే జబ్బు పేరు చెప్పకముందే అడ్వాన్సు ఎంత కట్టగలరో అడిగారు. రెండు పూటలు అక్కడే పోయాయి. ఈ జబ్బులో రెండు పూటలంటే ఎంతో తర్వాత తెలిసింది. అక్కడ పోయిన డబ్బుకు నాకు బాధ లేదు, పోయిన ఆ గంటలకు ఉంది.

గుంటూరు పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరలేదు. రెండోది కొట్టారు. అదీ ఎగరలేదు. వెన్నులోంచి నీరు తీసిన పరీక్ష, నరాలకు కరెంటు పెట్టే పరీక్ష తర్వాత జరిగాయి గానీ ఆయనకు ఆ సుత్తి దెబ్బతోనే అర్థమైనట్టుంది. గిలియన్ బారే సిండ్రోమ్ అన్నారు, జీబీఎస్. ఒంట్లో ఏదో ఇన్ఫెక్షన్ వచ్చి పోయాక, దానితో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున మన నరాల మీదే పడుతుందట. కాళ్లనుంచి మొదలై పైకి పాకుతుందట. ఊపిరి తీసే కండరాలదాకా వెళ్తే ప్రమాదం. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు ఐదు రోజులు, బరువును బట్టి డోసు. బయట కొంటే లక్షల మాట. ఆరోగ్యశ్రీ కార్డు మీద నాకు అక్కడే ఎక్కించారు. ప్రభుత్వాసుపత్రిని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి బాత్రూముల గురించి మా ఆవిడ కూడా ఒక మాట చెబుతుంది. నేను మాత్రం ఆ మెట్లకు మొక్కుతాను.

ఇక ఆ రాత్రి.

మందు మొదలైన మరుసటి రాత్రి అది. మందు వెంటనే పనిచేయదని ముందే చెప్పారు. బలహీనత చేతులకు, మొహానికి వచ్చేసింది. పీజీ చదివే డాక్టరమ్మ ఒకామె ఐసీయూ డ్యూటీలో ఉంది, మా అమ్మాయి వయసు. "పాస్టరుగారూ, గట్టిగా ఊపిరి పీల్చి ఆ ఒక్క ఊపిరితో ఒకటి, రెండు లెక్కపెట్టండి" అంది. ఇరవై దాటుతుంటే పెద్దగా భయం లేదట. అంకె పడిపోతున్నకొద్దీ ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టట. సాయంత్రం పద్దెనిమిదిదాకా వెళ్లాను. రాత్రి పదింటికి పదమూడు. అర్ధరాత్రి దాటాక పది దగ్గర ఆగిపోయాను. "ఇంకా తగ్గితే గొట్టం వేసి వెంటిలేటరు మీద పెడతాం. మీకు సాయంగా ఉంటుంది, భయపడకండి" అంది. నేను భయపడ్డాను. మైకు లేని పల్లెల్లో, గ్యాసులైటు కింద, రాత్రి కూటాల్లో గంటలు గంటలు మాట్లాడిన గొంతు నాది. అది పది అంకెలకు చాలడం లేదు.

అప్పుడు నాకు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. బ్రాహ్మణ వీధిలో ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రాలు పద్యాలు చెప్పించేవారు. మా పల్లె పిల్లలు ఆ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన రోజులవి. నన్ను మిగతా పిల్లలతోపాటు అరుగు మీదే కూర్చోబెట్టేవారు. ఆయన్ను చుట్టుపక్కలవాళ్లు ఏమన్నారో నాకు తెలియదు గానీ ఆ అరుగుకు వచ్చే పిల్లలు సగానికి తగ్గారు. ఆయన మాత్రం మానలేదు. "సీసపద్యం పాదం ఒక్క ఊపిరిలో రావాలిరా, మధ్యలో తెంపితే పద్యం చచ్చిపోతుంది" అనేవారు. నా గొంతుకు ఊపిరి బిగబట్టడం నేర్పింది ఆయన. బైబిలు చదివే తీరు బాగుంటుందని నన్ను ఎవరు మెచ్చుకున్నా అందులో ఆయన వాటా ఉంది. క్రైస్తవుడు కాని ఆ మాస్టారి కోసం నేను ఆ రాత్రి దేవునికి స్తోత్రం చెప్పాను. పైకి మాట రాలేదు, లోపలే.

మూడింటికి ఎదురు మంచం మీది మనిషి పోయాడు. తెర లాగారు. బయట ఆయన భార్య ఏడుపు వినిపిస్తుంటే నా గుండె వేగం పెరిగి మెషిన్ మోగింది. డాక్టరమ్మ అక్కడి పని ముగించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని నా చేయి పట్టుకుంది. "నాతోపాటు లెక్కపెట్టండి" అని తనే మొదలుపెట్టింది. ఎనిమిది. కాసేపాగి మళ్లీ. తొమ్మిది. తెల్లవారేదాకా అలాగే. ఆ అంకె అంతకంటే కిందికి పోలేదు. గొట్టం అవసరం పడలేదు. డ్యూటీ మారేటప్పుడు కేసు షీటులో రాసి, టీ కూడా తాగకుండా ఇంకో వార్డుకు పరిగెత్తింది. అమ్మా, మీరు ఏ దేవునికి మొక్కుతారో నాకు తెలియదు. నా ప్రార్థనలో మీ పేరు రోజూ ఉంటుంది.

రెండు రోజుల తర్వాత నా మొహం రెండు పక్కలా పడిపోయి కళ్లు మూతపడటం మానేశాయి. ముప్పై ఏళ్లకు పైగా జనాన్ని కళ్లు మూసుకోమని ప్రార్థన చేయించినవాణ్ని, నా కళ్లు నేను మూసుకోలేకపోయాను. నర్సు చుక్కల మందు వేసి రెప్పలకు ప్లాస్టరు అంటించేది. అలా ఉన్నప్పుడు వచ్చాడు ఒక దైవజనుడు. పేరు రాయను, పెద్ద సభలు పెట్టే మనిషి. నేను నిద్రపోతున్నానని అనుకున్నాడు. తల దగ్గర నిలబడి నా భార్యతో అన్నాడు: "సిస్టర్, మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది. అది బయటపడేదాకా దేవుడు ముట్టడు. బ్రదర్‌ను అడగండి."

నా భార్య అప్పటికి సరిగా నిద్రపోక ఎన్ని రాత్రులైందో. ఆమె ఏమీ అనలేదు. ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు నాకు వినపడింది. నోరు తిరగదు, చేయి లేవదు, కళ్లకు ప్లాస్టరు. పక్క మంచం పిల్లాడి తల్లి, నరసరావుపేట దగ్గరి ముస్లిం అమ్మ, "అయ్యా, ఆయన్ని పడుకోనీయండి, మీరు బయటికి పోయి మాట్లాడుకోండి" అని గట్టిగా అంది. ఆ తర్వాత కింద క్యాంటీనుకు వెళ్లి నా భార్యకు టీ తెచ్చింది. తన కొడుకు పరిస్థితి మాకంటే బాగా ఏమీ లేదు అప్పటికి.

బైబిల్లో అన్నీ పోగొట్టుకుని రోగంతో కుమిలిన యోబును చూడవచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతనితో కలిసి నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే. నువ్వేదో పాపం చేశావని నోరు తెరిచాకే కీడు మొదలైంది. ఇది సెమినరీలో చదివిన ప్రతి పాస్టరుకూ తెలుసు. తెలిసీ రోగి తల దగ్గర నిలబడి ఆ మాట ఎలా అంటారు?

నాకు సేవ పిలుపు వచ్చింది కూడా ఒక రోగి మంచం దగ్గరే. మా నాన్న పొగాకు బ్యారన్ల దగ్గర పొయ్యి ఎగదోసే పని చేసి త్వరగా పోయాడు. అమ్మ పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. నన్ను ఒంగోలులో మిషను హాస్టల్లో వేశారు. అక్కడి వార్డెనమ్మ గోధుమనూక ఉప్మాలో నాకు ఒక గరిటె ఎక్కువ వేసేది, తండ్రి లేని పిల్లాడని. ఇంటర్ అయ్యాక ఏదో ఒక ఉద్యోగం చూసుకుందామని ఊరొస్తే మా ముసలి పాస్టరుగారు క్షయతో మంచాన పడి ఉన్నారు. సాయంత్రాలు ఆయనకు వాక్యం చదివి వినిపించేవాణ్ని. ఒకరోజు ఆయన "అబ్బాయ్, నువ్వు చదువుతుంటే నాకు దగ్గు తగ్గుతుంది. ఈ పని నువ్వే చెయ్యి" అన్నారు. నాకు దర్శనం రాలేదు, వెలుగు కనపడలేదు. దగ్గుతున్న మనిషి మాట అది. దాన్ని పట్టుకునే సముద్రం పక్కన రామాయపట్నంలో సెమినరీకి వెళ్లాను. నా ఫీజుకు పల్లె ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసిపెట్టారు. వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు ప్రభువు కోసం పక్కన కుండలో వేస్తారు, నెలకోసారి గుడికి తెస్తారు. ఆకలితో ఉన్న ఇళ్ల బియ్యం అవి. నేను జబ్బుపడినప్పుడు ఆ ఆడవాళ్ల కోడళ్లు, మనవరాళ్లు మిరపకాయ కోత కూలి తెచ్చి నా భార్య కొంగులో వేశారు.

మా పల్లె క్రైస్తవ్యమే అలా మొదలైంది. 1876-78 ధాత కరువులో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు పని సాగినన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ముందు బతికించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లను నీళ్లలో ముంచింది మన తెలుగు బోధకులే. మా తాతకు తాత వాళ్లలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆకలితో ఉన్నవాణ్ని "ఏం పాపం చేశావు" అని ఎవరూ అడగలేదు ఆ కాలువ గట్టు మీద. అడిగి ఉంటే మేము లేము.

కోలుకోవడం నిదానంగా జరిగింది. ముందు మొహం, తర్వాత చేతులు, అందరికంటే ఆఖరున వచ్చే చుట్టంలాగా పాదాలు. ఫిజియోథెరపీ కుర్రాడు బండి మీద ఇంటికే వచ్చేవాడు. దెబ్బతిన్న నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని, తొందరపెట్టొద్దని చెప్పేవాడు. మొదటిసారి కుర్చీలో కూర్చుని వాక్యం చెప్పిన ఆదివారం సగంలోనే ఆయాసం వచ్చింది. సంఘం లేచి పాట అందుకుని నన్ను కాపాడింది. ఇప్పటికీ అరికాళ్లలో దూది తొక్కుతున్నట్టే ఉంటుంది, చీకట్లో నడవలేను. ప్రభువు నన్ను లేపాడని చెబుతాను. డాక్టర్ల చేతులతో, ఐదు రోజుల మందుతో, నా భార్య ప్రశ్నతో లేపాడని కూడా అదే సాక్ష్యంలో చెబుతాను. అందులో ఏదో ఒకటి తగ్గించి చెప్పమని నన్నెవరూ అడగొద్దు.

2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు ఒక్కసారిగా చాలామందికి వచ్చిందని, మన గుంటూరు వైపు కూడా కేసులున్నాయని టీవీలో వచ్చినప్పుడు నాకు ఒకటే ఫోన్లు. అందరికీ ఒకటే చెప్పాను, మీకూ చెబుతున్నాను. రెండు కాళ్లలో తిమ్మిరి, బలహీనత కలిసి రోజురోజుకీ పైకి వస్తుంటే పసర్లు, మాలిష్‌లు, సెలైన్లు అని ఆగకండి. ఆ రోజే నరాల డాక్టరున్న పెద్దాసుపత్రికి వెళ్లండి. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి చాలనట్టున్నా రాత్రి అని చూడకండి. ఆరోగ్యశ్రీ (2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కార్డు, ఆధారు వెంట పెట్టుకోండి. పక్కన ఉండే మనిషికి కూడా తిండి, నిద్ర చూడండి, ఎందుకంటే రోగి కంటే ముందు వాళ్లే కూలిపోతారు. ప్రార్థన చేయండి, అంబులెన్సులో కూర్చుని చేయండి.

పోయిన నెల చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనిచేసే ఒక కుర్రాడికి ఇదే వచ్చింది. హిందువుల పిల్లాడు. వాళ్ల నాన్న ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకుని, "అయ్యగారూ, మీరు నడుస్తున్నారంట గదా, ఒకసారి వచ్చి వాడికి కనపడతారా" అన్నాడు. కర్ర పట్టుకుని వెళ్లాను. వాడి మంచం పక్కన కాసేపు కూర్చున్నాను. నా కాలు ఎత్తి చూపించాను. వాడు మంచం అంచున కూర్చోగలుగుతున్నాడని నిన్న వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. గురువారం మళ్లీ వెళ్తున్నాను.