ఒకసారి పోయాక మళ్ళీ నిలుస్తుందా?

గర్భం పోయినవాళ్ళు ఎవరిని కదిపినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. నిలుస్తుంది, చాలామందికి నిలుస్తుంది. ఊరికే ధైర్యం చెప్పడానికి అనట్లేదు, లెక్కలే అలా ఉన్నాయి.

పరీక్షలో పాజిటివ్ వచ్చిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం దాకా పోతాయి, అందులో ఎక్కువ మొదటి మూడు నెలల్లోనే. ఒకసారి పోయినవాళ్ళకి మళ్ళీ పోయే అవకాశం సుమారు 20 శాతం, రెండుసార్లు పోతే 28 దగ్గర, మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లయితే 43 దగ్గర. ఆ చివరి అంకె చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, కానీ మూడుసార్లు పోయిన తర్వాత కూడా సగానికి పైగా ఆడవాళ్ళకి నిలుస్తోందని కూడా అదే అంకె చెబుతోంది కదా. వయసు ప్రభావం మాత్రం గట్టిగానే ఉంటుంది: 2019లో వచ్చిన నార్వే అధ్యయనంలో 25-29 ఏళ్ళవాళ్ళలో 10 శాతం గర్భాలు పోతే, 45 దాటినవాళ్ళలో 53 శాతం పోయాయి.

తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల తేడా. మీరు మెట్లెక్కడం వల్లో, ఆఫీసులో టెన్షన్ పడటం వల్లో వచ్చేది కాదది. ఇది తెలిసి కూడా నేను నెలల తరబడి ఆ వారంలో ఏమేం చేశానో తవ్వుకుంటూ కూర్చున్నాను, అది వేరే సంగతి.

రెండోసారి పాజిటివ్ వచ్చినప్పుడు సంతోషం కంటే ముందు భయం వచ్చింది. బాత్‌రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ టిష్యూ మీద ఎరుపేమైనా ఉందా అని లైటు కింద పెట్టి చూసుకోవడం, ఒక పూట వికారం లేకపోతే అయిపోయిందనుకుని కూలబడటం, ఏమైందని మా ఆయన అడిగితే “వాంతి రాలేదు” అని ఏడవడం. వికారం ఒక రోజు ఉండి ఒక రోజు లేకపోవడం మామూలే. ఎనిమిదో వారం దగ్గర స్కాన్‌లో గుండె చప్పుడు కనిపిస్తే మాత్రం ప్రమాదం బాగా తగ్గుతుంది, అందుకే ఆ స్కాన్ తొందరగా చేయమని అడగడానికి మొహమాటపడకండి.

ఎన్నాళ్ళు ఆగాలి? ఆరు నెలలు ఆగమన్నది పాత సలహా. 2010లో స్కాట్లాండ్‌లో 30 వేలమందికి పైగా ఆడవాళ్ళ రికార్డులు చూస్తే, ఆరు నెలల్లోపే మళ్ళీ గర్భం దాల్చినవాళ్ళలో రెండోసారి పోవడం తక్కువే ఉంది. ఇన్ఫెక్షన్ లాంటివేవీ లేకపోతే, మనసు కుదుటపడటమే అసలు గడువు అని నా అభిప్రాయం.

నాకు చిరాకు తెప్పించేది, ఒకసారి పోగానే కారణం చూడకుండా బెడ్ రెస్ట్, రోజూ ఒక హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ఇంజెక్షన్ రాసేయడం. బెడ్ రెస్ట్ వల్ల గర్భం నిలుస్తుందనడానికి ఆధారమే లేదు. రక్తపరీక్షలో యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం తేలిగ్గా గడ్డకట్టే జబ్బు) అని తేలితే తక్కువ డోసు ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ నిజంగా పనిచేస్తుంది, కారణమేదీ దొరకనివాళ్ళకి ఆ సూదుల వల్ల లాభం కనిపించలేదు. గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ సంగతీ అంతే, అందరికీ కాదు: 2019 నాటి ప్రిజమ్ ట్రయల్‌లో, అంతకుముందు మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు పోయి ఈసారి బ్లీడింగ్ కూడా కనిపించినవాళ్ళలో అది వాడితే 72 శాతం మందికి, వాడకపోతే 57 శాతం మందికి బిడ్డ దక్కింది. కాబట్టి ఏది రాసినా “నాకు ఇది ఎందుకు?” అని అడగండి.

రెండు మూడుసార్లు పోయినవాళ్ళు మాత్రం ఆ యాంటీబాడీలతో పాటు థైరాయిడ్, గర్భసంచి ఆకారం కూడా చూపించుకోవాలి. నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం వీళ్ళకి కాస్త ఎక్కువ, అందుకని పాతవి ఏ వారంలో ఆగిపోయాయో మొదటి విజిట్‌లోనే చెప్పేయండి, పోయినప్పుడు కణజాలం టెస్టుకి పంపి ఉంటే ఆ రిపోర్టు కూడా చేతిలో పట్టుకెళ్ళండి.