హెడ్‌ఫోన్ వేరు, మైక్ వేరు: కాజీపేట గదిలో నా అనుభవం

మా ఇల్లు కాజీపేటలో రైలు పట్టాలకు దగ్గరగా ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక కరీంనగర్‌లో ఉండే మా చిన్నాయన కొడుకుతో కలిసి వాలరంట్ అనే తుపాకుల కంప్యూటర్ ఆట ఆడతాను; ఆట లేని రోజు అదే కుర్చీలో కూర్చుని పాటలు వింటాను. ఈ రెండింటికీ చాలాకాలం ఒకే బ్లూటూత్ హెడ్‌సెట్ వాడాను. తమ్ముడితో మాట్లాడడానికి మైక్ ఆన్ చేయగానే ఆట శబ్దమంతా పాత టెలిఫోన్‌లో విన్నట్టు మారిపోయేది. హెడ్‌సెట్ పాడైందని చాలా రోజులు అనుకున్నాను. వినడానికి మాత్రమే వాడినంతసేపు బ్లూటూత్ మంచి స్టీరియో ధ్వనిని పంపుతుందనీ, మైక్ కూడా పనిచేయవలసి వచ్చినప్పుడు మామూలుగా ఫోన్ కాల్స్ కోసం ఏర్పరచిన పద్ధతికి మారి, ఒకే చానెల్‌లో తక్కువ నాణ్యతతో వినిపిస్తుందనీ తర్వాత తెలిసింది. అప్పుడే హెడ్‌ఫోన్, మైక్ విడివిడిగా, రెండూ వైరుతోనే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను.

తొందరపడి మైక్ ముందు కొన్నాను. స్టూడియోల్లో వాడే రకమని దుకాణదారు చెప్పిన ఒక యూఎస్‌బీ కండెన్సర్ మైక్ తెచ్చి మానిటర్ పక్కన నిలబెట్టి మాట్లాడితే, తమ్ముడు మొదటి నిమిషంలోనే, "అన్నా, నీ మాట కంటే ఫ్యానే ఎక్కువ ఇనవడ్తున్నది" అన్నాడు. రికార్డు చేసి విన్నాను. ఫ్యాన్ తిరిగే ప్రతి చుట్టూ, కీబోర్డు టకటకలూ, వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దే చప్పుడూ, దూరాన రైలు కూతా అన్నీ నా గొంతుతో సమానంగా పడ్డాయి. పెట్టె తెరిచిన వస్తువును వెనక్కి తీసుకోబోమని దుకాణంలో చెప్పేశారు. ఆ డబ్బు పోయినట్టే. అయినా తప్పు కండెన్సర్‌ది అనను. దాని పల్చని పొర చిన్న కదలికను కూడా పట్టేస్తుంది. నిశ్శబ్దమైన గదిలో పాట పాడేవారికి అదే వరం. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోగలిగే గది ఓరుగల్లులో ఎవరికుంటుంది?

ఆ రికార్డింగు పెట్టుకుని కొన్ని రోజులు పరీక్షలు చేశాను. మైకును నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచినప్పటికంటే 7 లేదా 8 సెంటీమీటర్లకు తెచ్చినప్పుడు నా గొంతు బాగా పెరిగింది. దూరం సగమైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది కనుక రెండుసార్లు సగమైతే దాదాపు 12 పెరుగుతుంది. పైకప్పుకున్న ఫ్యాన్ దూరం మాత్రం పెద్దగా మారదు. అప్పుడు గెయిన్, అంటే మైక్ పట్టిన శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించుకుంటే గొంతు అంతే ఉండి ఫ్యాన్ వెనక్కి పోతుంది. ఖరీదైన మైక్ కంటే ఈ జానెడు దూరం నాకు ఎక్కువ మేలు చేసింది. నోటికి దగ్గరగా పెట్టి మాట్లాడడానికే అనువుగా ఉండే డైనమిక్ మైకుల్లో శామ్సన్ క్యూ2యూ ఎంచుకున్నాను. దానికి యూఎస్‌బీ, స్టూడియో పరికరాలకు కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్నాయి; రేపు అలాంటి మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నా ఈ మైకే పనికొస్తుంది. కార్డియాయిడ్, అంటే ముఖ్యంగా ముందువైపు శబ్దాన్నే పట్టే రకం కాబట్టి వెనుకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. అందుకే దాని తోకభాగం కీబోర్డు వైపు ఉండేలా స్టాండు బిగించాను.

హెడ్‌ఫోన్ దగ్గర తొందరపడలేదు. ఎన్‌ఐటీలో చదివే బంధువుల అబ్బాయి దగ్గర చెవి డొప్పల వెనుక భాగం పూర్తిగా మూసి ఉండే మూసిన రకం ఒకటి, అక్కడ జల్లెడలా గాలి ఆడే తెరిచిన రకం ఒకటి అడిగి తెచ్చుకుని, ఒగ్గుకథ రికార్డింగు ఒకటి, వీణ కచేరీ ఒకటి మార్చి మార్చి విన్నాను. మూసిన దాంట్లో ఒగ్గుడోలు దెబ్బ గుండెకు తగిలినట్టు ఉంది, కానీ ఆ బరువు కింద తాళాల మోత నలిగిపోయింది. తెరిచిన దాంట్లో డోలు కొంత పల్చబడినా, తాళం మోగి, సన్నగిల్లి, ఆగిపోయేదాకా విడిగా వినిపించింది. ఆటలో అడుగుల చప్పుడు కూడా అలాగే విడివడింది. పైగా మూసిన దాని తోలు కుషన్లు అరగంటలో చెవుల చుట్టూ చెమట పట్టించాయి. తెరిచిన దాని గుడ్డ కుషన్లలో ఆ బాధ లేదు.

చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపిస్తుందంటూ హెడ్‌సెట్ పెట్టెల మీద రాసే 7.1 అన్న అంకెకు నేను ఇక విలువ ఇవ్వను. శబ్దం ఒక చెవికంటే రెండో చెవికి ఎంత ఆలస్యంగా, ఎంత తక్కువగా చేరిందన్న తేడాతోనే మెదడు కుడిఎడమలు పోల్చుకుంటుంది. ఆ ఆలస్యం ఎక్కువలో ఎక్కువ సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ. ముందువెనుకలను చెవి డొప్ప ఆకారం చెబుతుంది. వాలరంట్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అన్న సెట్టింగు, తల, చెవులు శబ్దాన్ని మార్చే ఈ లెక్కను తానే చేసి రెండు చానెళ్లలో ఇస్తుంది. దాని మీద మళ్లీ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ 7.1 పెడితే మెట్ల మీద అడుగు ఎటు నుంచి వస్తోందో నాకు అంతు చిక్కలేదు.

మనసు 250 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో హెడ్‌ఫోన్ మీదికి పోయింది గానీ, ఓమ్‌లు ఎక్కువైతే మామూలుగా దాన్ని మోగించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి; నా ల్యాప్‌టాప్ జాక్‌కు అంత ఓపిక ఉంటుందని నమ్మకం కలగలేదు. యాంప్లిఫయర్‌కు వేరే డబ్బు పెట్టాలి. అందుకని తెరిచిన రకమే అయిన 32 ఓమ్‌ల ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 దగ్గర ఆగాను. దాన్ని మైక్ కిందనున్న జాక్‌లోనే గుచ్చుతాను, కాబట్టి ల్యాప్‌టాప్‌కు ఒక్క యూఎస్‌బీ తీగ చాలు, ఒకే జాక్‌ను హెడ్‌ఫోన్‌కూ మైక్‌కూ పంచే స్ప్లిటర్ అక్కర్లేదు.

తెరిచిన హెడ్‌ఫోన్ శబ్దం బయటికి వస్తుందన్నది మాత్రం నిజమే. రాత్రి పదకొండు తర్వాత పక్క మంచం మీద బాపు అటు ఒత్తిగిలితే నేను వాల్యూమ్ రెండు గీతలు తగ్గిస్తాను. మైకులోకి ఆ శబ్దం పోతోందా అని తమ్ముణ్ని అడిగాను. పోవడం లేదన్నాడు, రైలు కూత మాత్రం ఇప్పటికీ వస్తుందట. ఇక మైకుకు ఒక స్పాంజి తొడుగు తెచ్చుకోవాలి. ఇంత దగ్గరగా మాట్లాడితే 'ప', 'బ' అన్నప్పుడల్లా గాలి తగిలి బుస్సుమంటోంది.