అమ్మమ్మ నడుము, నా బిడ్డ ప్రశ్న

అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కల మా తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం సాక్ష్యాలు వింటే దాదాపు అన్నీ గెలుపు సాక్ష్యాలే. వీసా వచ్చింది, ఇల్లు కొన్నాం, బాబుకు మంచి కాలేజీలో సీటు దొరికింది, దేవునికి స్తోత్రం. అందులో తప్పేం లేదు. జరిగిన మేలును నలుగురిలో చెప్పుకోవాల్సిందే. కానీ ఏళ్ల తరబడి అవే వింటూ పెరిగే పిల్లల మనసులో ఒక లెక్క స్థిరపడిపోతుంది: ప్రార్థన చేస్తే పని అవుతుంది, కాలేదంటే చేసినవాళ్లలోనే ఏదో లోటు ఉంది. ఒక ప్రార్థన కూటంలో పెద్దాయన ఒకరు "విశ్వాసముంటే స్వస్థత ఖాయం" అని గట్టిగా చెప్పారు. ఇంటికొస్తుంటే కారులో మా పెద్దమ్మాయి అడిగింది: "అయితే అమ్మమ్మకు విశ్వాసం లేదా అమ్మా?"

మా అమ్మ నడుము వంగిపోయింది. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. ఆ ప్రాంతం పేరు చెబితే తెలిసినవాళ్లు ముందు ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. మా నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మా బోరు నీళ్లు ఆ గీతను ఎప్పుడో దాటాయి. ఏళ్లకేళ్లు ఆ నీళ్లు తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకల మీద పడుతుంది. వెన్నుపూసలు బిగుసుకుపోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి మనిషి వంగిపోతాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' తయారుచేస్తే దానికి మా జిల్లా పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ అంటే ఆఫ్రికా దేశాల్లో కూడా తెలుసు. ఇప్పుడు మా ఊరి నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, అది చాలా పెద్ద మేలు. అతుక్కున్న ఎముకను మాత్రం ఏ నీళ్లూ విడదీయలేవు.

ఇదంతా మా అమ్మాయికి ముందు విడమర్చి చెప్పాను. నేను నర్సును, ఎముకల సంగతి బొమ్మ గీసి మరీ చెప్పాను. అమ్మమ్మ నడుము వంగింది పాపం వల్ల కాదు, విశ్వాసం చాలక కాదు, నీళ్ల వల్ల. పుట్టుగుడ్డివాణ్ని చూసి "ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా?" అని శిష్యులు అడిగితే యేసు "వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ప్రతి పిల్లకూ తెలియాలని నా పట్టుదల. అయినా ఆ పిల్ల ప్రశ్న పూర్తిగా తీరలేదని నాకు తెలుస్తూనే ఉంది. కారణం తెలిసినంత మాత్రాన ఓదార్పు దొరకదు.

ఎండాకాలం సెలవుల్లో ఊరికి తీసుకెళ్లాను. అమ్మ ముఖం చూడాలంటే ఎవరైనా ఆమె కంటే కింద ఉండాల్సిందే. మా అమ్మాయి మంచం పక్కన చాప పరిచి, వెల్లకిలా పడుకుని, పైకి చూస్తూ అమ్మమ్మతో మాట్లాడేది. అమ్మ దాని చేత లూకా సువార్త 13వ అధ్యాయం చదివించుకునేది. పద్దెనిమిదేళ్లు నడుము వంగి, ఎంతమాత్రం చక్కగా నిలబడలేని స్త్రీ కథ అది. సమాజమందిరంలో, విశ్రాంతి దినాన, యేసు ఆమెను బాగుచేస్తాడు. మా అమ్మాయి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే అమ్మ తర్వాతి ముక్క ముందే అందించేది. ఒకరోజు చదవడం ఆపి అడిగేసింది: "ఆమెకు సక్కగైంది గద అమ్మమ్మా, మరి నీకెందుకు కాలే?"

నాకు గుండె ఆగినంత పనైంది. అమ్మ మాత్రం తొణకలేదు.

"అడుగుడు తప్పు గాదు బిడ్డా, నేను గూడ మస్తు అడిగిన. జూడు, నడుం వంగినోళ్లకు మనుషుల కాళ్లే కనబడ్తయి, మొకాలు కనబడయి. ఆమె ఆయన్ను సూల్లే, ఏమీ అడగలే. ఆయనే సూసిండు, పిల్సిండు. అందరి ముంగట అబ్రాహాము బిడ్డ అన్నడు. నన్ను ఈ ఊర్లె గట్ల మర్యాదగ పిల్సినోళ్లు ఎవరు? ఆయన నన్ను గూడ సూసిండు. అది నాకు తెల్సు. నడుం సంగతి ఆయన చేతిల ఉన్నది. నొప్పి లేసిన నాడు ఏడుస్త, ఆయనతోనే కొట్లాడ్త."

మాది మాదిగవాడ. మర్యాదగా పిలవడమనే మాట మా అమ్మ నోట్లోంచి వచ్చినప్పుడు దాని బరువు నాకు తెలుసు. అందుకే ఎవరైనా ఇలాంటి విశ్వాసాన్ని చేతగానితనం అంటే నేను ఒప్పుకోను. మంచినీళ్ల కోసం ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. పొద్దున ధర్నా, పొద్దుమూకి ప్రార్థన, ఆమెకు రెండూ ఒకటే. దేవునితో కొట్లాడటం కూడా ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. "ఎన్నాళ్ల వరకు?" అని నిలదీసే కీర్తనలు బైబిల్లో ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో కూడా వెలుగు రాదు. లాజరు సమాధి దగ్గర యేసే ఏడ్చాడు. ఇంత ఏడుపున్న గ్రంథాన్ని చేతిలో పెట్టుకుని, మన పిల్లలకు నవ్వుముఖపు భక్తి ఒక్కటే నేర్పితే వాళ్లకు కష్టం వచ్చిననాడు దేవుని దగ్గరికి ఏ ముఖంతో వెళ్లాలో తెలియదు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసును తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. అమ్మ మెడ వెనక్కి వాలదు, చిన్న గిన్నెను ఎత్తి తాగడం ఆమె వల్ల కాదు. పాస్టరమ్మ వచ్చి అమ్మ ముందు నేల మీద కూర్చుని, చెంచాతో కొద్దికొద్దిగా పోసింది. మిగతా అందరూ పాట పాడుతూ ఆగారు, ఎవరూ తొందరపడలేదు. మా అమ్మాయి ఆ చెంచా వైపే చూస్తూ ఉంది. డల్లాస్‌లో మా ఆరాధన గడియారం ప్రకారం నడుస్తుంది, తర్వాతి ఆరాధనకు హాలు ఖాళీ చేయాలి. ఒక ముసలమ్మ కోసం సంఘమంతా ఆగడం దానికి కొత్త.

ఇక్కడికి వచ్చాక శనివారం రాత్రి 11:30కి ఫోన్ చేస్తాం. అక్కడ ఆదివారం ఉదయం పది, ఆరాధన మొదలయ్యే వేళ. అమ్మమ్మ దీని పరీక్షల కోసం ప్రార్థిస్తుంది. ఇది సగం తెలుగు, సగం ఇంగ్లీషులో అమ్మమ్మకు రాత్రి నిద్ర పట్టాలని ప్రార్థిస్తుంది. నడుము బాగుపడాలని కూడా అడుగుతుంది. అడగడం మానాల్సిన పనిలేదని అమ్మమ్మే చెప్పింది.

పోయిన నెల దీని స్నేహితురాలి తండ్రికి కేన్సర్ అని తెలిసింది. గుజరాతీ కుటుంబం, చర్చికి వెళ్లేవాళ్లు కాదు. క్లాసు పిల్లలంతా అంతా బాగైపోతుందని మెసేజ్‌లు పెడుతుంటే, ఇది నన్ను వాళ్లింటి దగ్గర దింపమంది. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే ఇద్దరూ వంటింట్లో గిన్నెలు తోముతున్నారు. ఏం మాట్లాడావని దారిలో అడిగాను. "ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చిన," అంది. ప్రతి శనివారం వెళ్తానంటోంది. నా షిఫ్టులు మార్చమని ఆస్పత్రిలో అడిగాను.